నాయకత్వ శిక్షణ పనిచేసిందా? మినిట్స్ పుస్తకం తెరిచి చూడండి

శిక్షణ చివరి రోజు, మధ్యాహ్నం మూడున్నర. చెన్నైలో గిండీ దగ్గర ఒక హాలు. ముప్పై మంది వైద్యాధికారుల్లో సగం మంది అప్పటికే సంచులు సర్దుకుని కాళ్ల దగ్గర పెట్టుకున్నారు. నెల్లూరు, తిరుపతి వైపు వెళ్లేవారికి మాధవరం బస్టాండు చేరడం ఒక ప్రయాణం, అక్కడి నుంచి ఇల్లు చేరడం ఇంకో ప్రయాణం. సరిగ్గా ఆ సమయంలో ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచారు. ఇరవై రెండు ప్రశ్నలు, ఒక్కో దానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. నా ముందు వరుసలోని డాక్టరుగారు ఐదో గడి మీదుగా పైనుంచి కిందికి ఒకటే గీత గీసి, సంతకం పెట్టి, లేచారు. పావు నిమిషం కూడా పట్టలేదు.

అలాంటి గీతలన్నీ కూడి నివేదిక రాసింది నేనే. సగటు నాలుగున్నర దాటింది. శిక్షణ ఇచ్చినవారు సంతోషించారు, డబ్బు పెట్టినవారూ సంతోషించారు. ఆరు నెలల తర్వాత వేరే పని మీద ఆ ముప్పై మందిలో నలుగురి ఆస్పత్రులకు వెళ్లాను. మూడు చోట్ల సమీక్షా సమావేశం ఎప్పటిలాగే నడుస్తోంది: డాక్టరు మాట్లాడతారు, మిగతావారు రాసుకుంటారు. ఒక చోట శిక్షణలో ఇచ్చిన నీలం రంగు ఫైలు బీరువా మీద కనిపించింది, దాని మీద ఓఆర్ఎస్ ప్యాకెట్ల పెట్టె. నా నివేదిక కొలిచింది ఆ రోజు భోజనాన్నీ, హాల్లో ఏసీనీ తప్ప మరి దేన్నీ కాదని అప్పుడు తెలిసింది.

ప్రజారోగ్య శాఖలోనో, స్వచ్ఛంద సంస్థలోనో, మెడికల్ కాలేజీ సామాజిక వైద్య విభాగంలోనో పనిచేస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ్యత మీ బల్ల మీదికి వస్తుంది. "మన వాళ్లకు నాయకత్వ శిక్షణ ఇప్పించాం, ఫలితం ఎలా ఉందో చూసి చెప్పండి" అంటారు. అప్పుడు ఏ వరుసలో ఏం చేయాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ఈ రంగంలో అందరూ వల్లించే సూత్రం ఒకటుంది. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ఆచార్యుడు 1959లో మొదలుపెట్టి రాసిన వ్యాసాల్లో శిక్షణను నాలుగు స్థాయుల్లో చూడమన్నాడు: వచ్చినవారికి నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వారి నడవడి మారిందా, దానివల్ల సంస్థకు ఫలితం దక్కిందా. నాలుగూ ఎవరిని అడిగినా గడగడా చెబుతారు. పని మాత్రం మొదటి దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అది హాల్లోనే అయిపోతుంది. కొందరు ఒక్క గెంతులో నాలుగో దానికి వెళ్లి "మాతృ మరణాలు తగ్గాయి" అని రాస్తారు. నన్నడిగితే మీ సమయంలో ముప్పాతిక భాగం మూడో దాని మీద పెట్టండి. నిజం బయటపడేది అక్కడే.

మొదట: ఈ ఫలితం ఎవరికి కావాలి?

అడగగానే ప్రశ్నాపత్రం తయారుచేయడానికి కూర్చోకండి. పని అప్పగించినవారిని ఒక్క మాట అడగండి: "ఫలితం చూసి మీరు ఏం నిర్ణయించబోతున్నారు?" తర్వాతి బ్యాచ్‌కు డబ్బు మంజూరు చేయాలా వద్దా అని కొందరు చెబుతారు. ఐదు రోజుల కోర్సును మూడు రోజులకు కుదించవచ్చా అని కొందరు. ఎక్కువగా వినబడే జవాబు మాత్రం "నివేదిక పంపాలి కదండీ" అనేది. ఆ జవాబే వస్తే పనిని చిన్నదిగా ఉంచండి. హాజరు పట్టిక, ఖర్చు లెక్క, ఒక పేజీ వివరణ సరిపోతాయి. ఎవరూ చదవని కాగితం కోసం ఆరు నెలలు ఊళ్లు తిరగడం దండగ.

అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1999లో ప్రజారోగ్య కార్యక్రమాల మదింపుకు ఆరు మెట్ల పద్ధతిని ప్రచురించింది. సంబంధం ఉన్నవారందరినీ కలుపుకోవడం మొదటి మెట్టు, తేలినదాన్ని వాడుకునేలా చూడడం ఆఖరి మెట్టు. మధ్యలోని నాలుగూ మనం ఎలాగో ఒకలా చేస్తాం. మొదటిదీ ఆఖరుదీ వదిలేస్తాం. సంబంధం ఉన్నవారంటే శిక్షకులు, పై అధికారులు మాత్రమే అనుకుంటాం కాబట్టి ఈ తిప్పలు. వైద్యాధికారి మారితే ఆ మార్పు ముందుగా తగిలేది ఏఎన్ఎంకు, హెల్త్ ఇన్‌స్పెక్టర్‌కు, ఫార్మసిస్టుకు. కనీసం ఇద్దరు అలాంటివారిని మొదటి సమావేశానికే పిలవండి. "ఈ శిక్షణ వల్ల మీ డాక్టరులో ఏం మారితే మీకు పని సులువవుతుంది?" అని అడగండి. ఆ జవాబులే సగం ప్రశ్నాపత్రం.

ఏం మారాలో ఒక కాగితం మీద రాయండి

నాయకత్వం అనేది జారిపోయే మాట. కరపత్రాల్లో దార్శనికత, ఆత్మవిశ్వాసం, స్ఫూర్తి అని రాసి ఉంటుంది. వీటిని ఏ తక్కెడలో తూస్తారు? శిక్షకుల ఎదుట కూర్చుని ఒకటే ప్రశ్న వేయండి: ఈ మనిషి సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్లి, కిందటి సోమవారం చేయని పని ఏం చేస్తారు? జవాబు వచ్చేదాకా లేవకండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చెన్నైలో ఒక వార్డు, డెంగీ కాలం. ఈడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చిన దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే తొట్టెలు, డ్రమ్ములు, పూలకుండీల తనిఖీ ప్రతి ఇంటికీ వారానికోసారి తిరిగి రావాలి. వందిళ్లు చూస్తే ఎన్నింట్లో లార్వా కనిపించిందో ఆ అంకెను హౌస్ ఇండెక్స్ అంటారు. నాయకత్వం అలవడిన అధికారి సోమవారం పొద్దున వీధుల వారీగా ఆ అంకె ముందు పెట్టుకుంటారు. అంకె తక్కువున్న వీధి నుంచి ఇద్దరు పనివాళ్లను ఎక్కువున్న వీధికి మారుస్తారు. తాళం వేసిన ఇళ్ల సంగతి అడుగుతారు. నీటి సరఫరా ఇంజినీరుకు ఫోను చేస్తారు, ఎందుకంటే నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో జనం డ్రమ్ములు నింపుకోక మానరు. ఇవన్నీ కంటికి కనిపించే పనులు. శిక్షణ, సోమవారం సమావేశం, పనివాళ్ల సర్దుబాటు, లార్వా ఉన్న ఇళ్లు, జ్వరాలు: ఈ ఐదింటినీ బాణం గుర్తులతో కలపండి. ఒక్కో బాణం పక్కన ఇంకెవరి చేయి ఉందో రాయండి. కుడివైపు వెళ్లేకొద్దీ శిక్షణ వాటా తగ్గిపోతుంది. జ్వరాల దగ్గరకు చేరేసరికి వాన, నీటి సరఫరా, చెత్త బండి, అన్నీ వచ్చి కూర్చుంటాయి.

అధికారం ఎంతవరకు ఉందో కూడా ఆ కాగితం మీదే రాయాలి. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం హెల్త్ ఆఫీసరుకు చాలా అధికారాలే ఇచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి వారసత్వంగా అది ఆంధ్ర ప్రాంతానికీ వచ్చింది. కానీ తమిళనాడులో ప్రజారోగ్యానికి విడి డైరెక్టరేటు, విడి కేడరు ఉన్నాయి. నెల్లూరు వైపు నుంచి వచ్చిన డాక్టరు, తిరువళ్లూరు నుంచి వచ్చిన డాక్టరు ఒకే హాల్లో ఒకే పాఠం విన్నా, తిరిగి వెళ్లాక చేతిలో ఉండే పగ్గాలు ఒకటి కావు. నేర్చుకోలేదా, నేర్చుకున్నా చేసే వీలు లేదా అన్న తేడా మీ నివేదికలో కనిపించాలి. లేకపోతే వ్యవస్థ తప్పు మనిషి మీద పడుతుంది.

శిక్షణకు ముందే మొదలుపెట్టండి

శిక్షణ అయిపోయాక మదింపు చేయమని పిలిస్తే, ముందు ఎలా ఉండేదో ఎవరికీ గుర్తుండదు. కనీసం మూడు వారాల ముందు రంగంలోకి దిగండి.

అభ్యర్థులకు ఒక సన్నివేశం రాసివ్వండి. ఉదాహరణకు: "మీ పరిధిలో రెండు వారాల్లో జ్వరం కేసులు రెట్టింపయ్యాయి. ఇద్దరు ఇన్‌స్పెక్టర్ల మధ్య మాటల్లేవు. ఒక నర్సు సెలవులో ఉంది. కౌన్సిలరు ఫోను చేసి తన వీధిలోనే ముందు పొగ కొట్టించమంటున్నారు. మొదటి రెండు రోజుల్లో ఏం చేస్తారు, ఏ వరుసలో?" ఒక పేజీ జవాబు. శిక్షణ తర్వాత ఇలాంటిదే, కానీ వేరే కథతో ఇంకొకటి. సగం మందికి మొదటి కథ ముందు, సగం మందికి రెండో కథ ముందు ఇస్తే, ఒక కథ తేలిక, ఇంకోటి కష్టం అనే వాదన రాదు. దిద్దేటప్పుడు పేర్లు, తేదీలు కొట్టేసి, ముందువీ తర్వాతవీ కలిపేసి, ఇద్దరి చేత విడివిడిగా దిద్దించండి. ఏది శిక్షణ తర్వాతదో తెలిస్తే చేయి దానంతటదే రెండు మార్కులు ఎక్కువ వేస్తుంది. నాది వేసింది కూడా.

"మీ నాయకత్వ సామర్థ్యానికి మీరే మార్కులు వేసుకోండి" అనే ప్రశ్నతో జాగ్రత్త. శిక్షణకు ముందు చాలామంది నాలుగు వేసుకుంటారు. తర్వాత, తెలియనిది ఎంత ఉందో తెలిసి, మూడు వేసుకుంటారు. లెక్క చూస్తే శిక్షణ వల్ల మనుషులు చెడిపోయినట్టు కనిపిస్తుంది. వారు మారలేదు, వారి కొలబద్ద మారింది. దీనికి ఒక ఉపాయం ఉంది: శిక్షణ ముగిశాక "ఇప్పుడు ఎంత?" అని అడిగి, పక్కనే "ఇప్పటి అవగాహనతో చూస్తే అప్పుడు ఎంత ఉండేది?" అని కూడా అడగండి. రెండింటి మధ్య తేడా కొంత నమ్మదగినది. కొంతే. మనిషికి తాను ఎదిగానని చెప్పుకోవాలని ఉంటుంది కదా.

చివరి రోజు ఫారం

నాలుగు ప్రశ్నలు చాలు, అదీ బ్యాగులు సర్దకముందే, పొద్దున టీ సమయానికి. ఏ భాగం మీ పనికి దగ్గరగా ఉంది? ఏది తీసేయవచ్చు? వెళ్లగానే చేయబోయే ఒక్క పని ఏమిటి? దానికి అడ్డుపడేది ఎవరు లేక ఏమిటి? మూడో ప్రశ్నకు వచ్చిన జవాబు కాపీ తీసి దాచండి. ఆరు నెలల తర్వాత దానితోనే వారి గుమ్మం ముందుకు వెళతారు.

స్వయంగా పని చేయించి నేర్పే కోర్సయితే సగం శ్రమ తగ్గుతుంది. చెన్నై అయపాక్కంలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ 2001 నుంచి నడుపుతున్న రెండేళ్ల క్షేత్ర ఎపిడెమియాలజీ శిక్షణ అలాంటిది. జనంలో వ్యాధులు ఎలా వ్యాపిస్తాయో, ఎందుకు వ్యాపిస్తాయో చూసే శాస్త్రం ఎపిడెమియాలజీ. 1951లో అమెరికాలో మొదలైన ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ సర్వీసు ఈ తరహా కోర్సులన్నిటికీ పెద్దన్న. విద్యార్థి ఎక్కువ కాలం క్షేత్రంలోనే ఉండి, వ్యాధి ప్రబలినప్పుడు దర్యాప్తు చేసి, నివేదిక రాయాలి. అలాంటి చోట అభిప్రాయాలు అడగనక్కరలేదు, నివేదికలు తీసి చదివితే సరి. నివేదికలో చేసిన సూచనల్లో జిల్లా ఎన్ని అమలు చేసిందో మాత్రం విడిగా చూడాలి. దర్యాప్తు బాగా చేయడం ఒకటి, తేలినదాన్ని పై అధికారి చేత ఒప్పించడం మరొకటి. నాయకత్వం ఉండేది రెండో దాంట్లో.

మినిట్స్ పుస్తకం

ఇక అసలు పని. ప్రతి ఆరోగ్య కేంద్రంలో సమీక్షా సమావేశాల పుస్తకం ఒకటి ఉంటుంది. అట్ట చిరిగి, బ్రౌన్ కాగితం చుట్టి, మీద సంవత్సరం రాసి. దాన్ని ఆడిట్ వాళ్లు తప్ప ఎవరూ తెరవరు. మీరు తెరవండి. ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకుని, శిక్షణకు ముందు ఆరు నెలలవి, తర్వాత ఆరు నెలలవి, పేజీలు ఫోనులో ఫోటో తీసుకోండి. చెన్నైలో ఇవి ఎక్కువగా తమిళంలో ఉంటాయి. మాట్లాడడం వచ్చినంత మాత్రాన తమిళ గొలుసుకట్టు రాత చదవడం రాదు కాబట్టి తోడుగా ఒకరిని తీసుకువెళ్లండి.

ఒక్కో సమావేశానికి ఐదు విషయాలు గుర్తించండి. నిర్ణయాలు ఎన్ని? వాటిలో ఒక మనిషికి అప్పగించినవి ఎన్ని? తేదీ ఉన్నవి ఎన్ని? తర్వాతి సమావేశంలో వాటిని మళ్లీ ఎత్తారా? డాక్టరు కాకుండా వేరే ఎవరైనా తెచ్చిన అంశం ఒక్కటైనా నమోదైందా?

ఎలా ఉంటుందో చూపిస్తాను. శిక్షణకు ముందు నేను చదివిన ఒక పుస్తకంలో వరుసగా నాలుగు నెలలు ఒకటే వాక్యం: "డెంగీ నివారణ చర్యలు ముమ్మరం చేయవలెనని తీర్మానించడమైనది." అక్షరం తేడా లేదు. శిక్షణ తర్వాత మూడో నెలలో అదే పుస్తకంలో ఇలా ఉంది: "మూడో వీధిలో తాళం వేసిన పద్నాలుగు ఇళ్లకు ఆదివారం పొద్దున వెళ్లాలి. బాధ్యత ఇన్‌స్పెక్టరుది. సోమవారం చెప్పాలి." సోమవారం పేజీ తిప్పితే: "తొమ్మిది ఇళ్లు చూశారు. ఐదు ఇళ్ల యజమానులు ఊళ్లో లేరు, పక్కింటివారికి చెప్పి డాబా మీది తొట్టెలు బోర్లించారు." ఈ రెండు పేజీలు ఏ మార్కుల పట్టికా చెప్పలేని సంగతి చెబుతాయి.

అయితే మోసపోయే వీలు ఇక్కడా ఉంది. శిక్షణలో మినిట్స్ రాయడం నేర్పి ఉంటే రాత మాత్రమే బాగుపడవచ్చు. గుమాస్తా మారినా పుస్తకం మారిపోతుంది. అందుకని తర్వాతి పేజీల్లోంచి మూడు నిర్ణయాలు, చిట్టీ వేసి, తీసుకోండి. వాటిని వీధి దాకా వెంబడించండి. ఆ మూడో వీధికి వెళ్లి, ఆ తాళం ఇంటి పక్కన తలుపు తట్టండి. "ఆదివారం ఎవరైనా వచ్చారా?" అని అడగడానికి పది నిమిషాలు పడుతుంది. నేను వెళ్లిన ఒక చోట ఎవరూ రాలేదు. పుస్తకంలో మాత్రం "పూర్తయింది" అని ఎర్ర సిరాతో ఉంది.

కింద పనిచేసేవారితో మాట్లాడడం

"మీ డాక్టరుగారు మంచి నాయకుడేనా?" అని అడిగితే వచ్చే జవాబు ప్రపంచంలో ఒక్కటే: "చాలా మంచివారండీ." అభిప్రాయం అడగకండి, జరిగిన సంఘటన అడగండి. కిందటి నెలలో మీరు చెప్పిన మాట వల్ల ఏదైనా మారిందా, ఏది? చివరిసారి ఎవరైనా పొరపాటు చేసినప్పుడు సమావేశంలో ఏం జరిగింది? మీకు కావలసిన వస్తువు అడిగి ఎన్నాళ్లయింది, వచ్చిందా?

చెన్నైలో పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు ఇంట్లో మాట్లాడుకునేవారు చాలామంది ఉన్నారు, తరాల కిందట వలస వచ్చిన కుటుంబాలు. అధికారులకు ఆ సంగతి తెలిసినా, మాట్లాడించేవారు తక్కువ. ఉత్తర చెన్నైలో ఒక వార్డు ఆఫీసు వెనక, కానుగ చెట్టు కింద కూర్చున్న ఒకామె నేను తెలుగులో పలకరించగానే చీపురు పక్కన పెట్టి జరిగి చోటిచ్చింది. ఆమె వార్డు అధికారి మా బ్యాచ్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు.

"సారు ట్రైనింగుకు వెళ్లి వచ్చాక మీటింగు పొడుగైందమ్మా. ముందు పావుగంట నిలబెట్టేవారు, ఇప్పుడు గంట."

"ఏం మాట్లాడతారు?"

"అందరం ఒకటే కుటుంబం అంటారు. కాళ్లు లాగుతాయి." కాసేపు ఆగి, "గ్లవుజులు మాత్రం అడిగిన వారంలోనే ఇప్పించారు. పోయినేడాది అడిగితే దీపావళి దాటింది" అంది.

శిక్షణ ఇచ్చినవారి దృష్టిలో కుటుంబం గురించిన ఆ గంట ప్రసంగమే విజయం. ఆమె దృష్టిలో గ్లవుజులు. రెండూ రాయాలి, ఏది ముందు రాయాలో మీకు తెలుసు.

ఈ మాటలు రాబట్టడానికి కొన్ని జాగ్రత్తలు. ఆఫీసు గదిలో మాట్లాడకండి, జీపు డ్రైవరు వినేంత దూరంలో అసలే వద్దు. రికార్డు చేయకండి, చేత్తో రాసుకోండి. కాంట్రాక్టు మీద పనిచేసేవారికి ఒక్క మాట పొక్కితే ఉపాధి పోతుంది. "మా వార్డులో ఒక నర్సు అన్నారు" అని రాస్తే, ఆ వార్డులో ఉన్నదే ఒక నర్సు కావచ్చు. అందుకే ఐదుగురికి తక్కువ ఉన్న గుంపు మాటలను విడిగా చూపవద్దు, పక్క కేంద్రాలతో కలపండి. పై అధికారి, తోటివారు, కిందివారు అందరి చేత మార్కులు వేయించే 360 డిగ్రీల పద్ధతి పెద్ద కంపెనీలకు పనికొస్తుందేమో. ఎనిమిది మంది ఉన్న ఆరోగ్య కేంద్రంలో ఎవరి దస్తూరీ ఏదో డాక్టరుకు తెలుసు.

పరిశోధనల్లో మనుషులకు హాని జరగకుండా చూసే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి విషయం కూడా ఇక్కడే చూసుకోండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం, కేవలం కార్యక్రమాన్ని మెరుగుపరచడానికి ప్రభుత్వ సంస్థలు చేసే మదింపులో మనుషుల గుర్తింపు వివరాలు లేకపోతే సమీక్ష నుంచి మినహాయింపు దొరకవచ్చు. మినహాయింపు ఉందని మీకు మీరే తీర్మానించుకోకండి. సంఘానికి రాసి వారి చేత చెప్పించుకోండి.

దేనితో పోలుస్తారు?

శిక్షణకు ఎవరిని పంపుతారు? చురుకైనవారిని. వారు శిక్షణ లేకపోయినా ఆరు నెలల్లో కొంత మెరుగయ్యేవారే. లేదా వెనుకబడిన కేంద్రాల వారిని పంపుతారు. మరీ అడుగున ఉన్న అంకె ఎవరూ ముట్టకపోయినా తర్వాతిసారి కొంత పైకి లేస్తుంది. రెండు సందర్భాల్లోనూ పేరు శిక్షణకే దక్కుతుంది. దీనికి తేలికైన మందు: అరవై మంది ఉంటే చిట్టీలు వేసి ముప్పై మందిని ఈ బ్యాచ్‌కు, మిగతావారిని ఆరు నెలల తర్వాతి బ్యాచ్‌కు పంపమనండి. అందరికీ శిక్షణ దక్కుతుంది కాబట్టి ఎవరూ అలగరు. ఆగినవారు మీకు పోలికకు దొరుకుతారు. రెండో బ్యాచ్ వారి మినిట్స్ పుస్తకాలు కూడా అదే ఆరు నెలలకు ఫోటో తీయండి.

చెన్నైలో వాన లెక్క మరవకండి. ఇక్కడ ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మేలో ముందు కొలత, నవంబరులో తర్వాతి కొలత తీస్తే ఎంత గొప్ప నాయకుడి వార్డులోనైనా లార్వా ఇళ్లు పెరుగుతాయి. నవంబరును కిందటి నవంబరుతోనే పోల్చండి. అదీ వరద వచ్చిన ఏడాదైతే, 2015 లాంటిదైతే, పక్కన పెట్టేయండి.

ఇక బదిలీలు. ముప్పై మందిలో ఆరుగురో ఏడుగురో ఆరు నెలల్లో వేరే కుర్చీలో ఉంటారు. మనిషి వెంట వెళ్లాలా, కేంద్రం దగ్గరే ఉండాలా అనేది శిక్షణకు ముందే రాసి పెట్టుకోండి. తర్వాత నిర్ణయిస్తే ఏది బాగుంటే అదే ఎంచుకుంటారు. నేనైతే మనిషి వెంట వెళ్లి, పాత కేంద్రాన్ని కూడా ఒకసారి చూస్తాను. డాక్టరు వెళ్లిపోయాక కూడా సోమవారం సమావేశం అదే తీరుగా నడుస్తుంటే అంతకు మించిన సాక్ష్యం లేదు.

ముగ్గురు, ముగ్గురు

మినిట్స్ లెక్క చేతికి వచ్చాక బాగా మారిన ముగ్గురిని, ఏమీ మారని ముగ్గురిని ఎంచి, ఒక్కొక్కరితో గంటసేపు కూర్చోండి. శిక్షణల మదింపు నిపుణుడు రాబర్ట్ బ్రింకర్‌హాఫ్ ఈ దారిని ఒక పద్ధతిగా తీర్చిదిద్దాడు. సగటు మనిషి గురించి తెలుసుకోవడం కన్నా రెండు కొసల్లో ఉన్నవారి గురించి తెలుసుకోవడం మేలని అందులోని తర్కం. మారనివారితో మాట్లాడేటప్పుడు నేరం మోపినట్టు ఉండకూడదు. చివరి రోజు ఫారంలో వారు రాసిన ఆ ఒక్క పనిని చూపించి, "దీనికి ఏం అడ్డొచ్చింది?" అని అడగండి. నాకు ఎక్కువగా వినిపించిన జవాబు పాఠాల గురించి కాదు, పై అధికారి గురించి. "కింది వాళ్లను అడిగి నిర్ణయించానంటే, నీకు తెలియదా అన్నారు." ఆ మాట విన్నాక తర్వాతి శిక్షణకు ముందు ఆ పై అధికారులను ఒక పూట కూర్చోబెట్టమని రాశాను. అదొక్కటే నా సూచనల్లో పూర్తిగా అమలైంది.

ఖర్చు

హాలు అద్దె, భోజనం, ప్రయాణం అందరూ లెక్కేస్తారు. ముప్పై మంది ఐదు రోజులు అంటే నూట యాభై డాక్టరు దినాలు. ఆ రోజుల్లో ఓపీ ఎవరు చూశారో రాయండి.

నివేదిక

రెండు పేజీలు. మొదటి పేరాలోనే నిర్ణయం: కొనసాగించాలి, ఫలానాది మార్చి కొనసాగించాలి, ఆపాలి. తర్వాత ముందు-వెనక మినిట్స్ వాక్యాలు రెండు, పేర్లు లేకుండా. జ్వరాలు తగ్గాయని రాయవలసి వస్తే "దోహదపడి ఉండవచ్చు" దగ్గర ఆగండి. పై వారికి పంపే ముందు శిక్షణకు వెళ్లినవారికి, ఆ తర్వాత శిక్షకులకు చూపించండి. తప్పులుంటే దిద్దుకోండి, ఒత్తిడి చేస్తే మాత్రం దిద్దకండి. వారి అభ్యంతరాన్ని చివర విడిగా చేర్చవచ్చు.

పంపాక పేర్లకు, సంకేత సంఖ్యలకు లంకె ఉన్న కాగితాన్ని చింపేయండి. మినిట్స్ ఫోటోలు ఫోనులోంచి తీసేయండి. సన్నివేశ ప్రశ్నలు, వాటి మార్కుల పట్టిక మాత్రం మీ దగ్గరే బీరువాలో తాళం వేసి ఉంచండి. శిక్షకులు అడుగుతారు, మొహమాటపడకండి. ఇచ్చారంటే రెండో బ్యాచ్‌కు మొదటి రోజు పొద్దున చెప్పే పాఠం అదే అవుతుంది.